కూరగాయల పుస్తకంలో పెన్సిల్ రాతలు

సికింద్రాబాద్‌లోని ఒక పాత గ్రంథాలయంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. నా నోరు మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. ఎవరైనా పుస్తకంలో గీత గీస్తే చాలు, "రాసుకోనీకి మీ ఇంట్ల గోడల్లేవా?" అని పదిమంది ముందు కడిగేసేదాన్ని. ఆ నోటివల్లే ఒక పెద్దాయనకు మిగిలిన ఒక్కగానొక్క ఆస్తిని, ఆయన భార్య చేతిరాతను, నా చేతులతో నేనే తుడిచేశాను. ఈ మాట రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆయన రిటైరైన బడిపంతులు. ప్రతి గురువారం కార్ఖానా బస్తీ నుంచి బస్సులో వచ్చేవారు. మోకాళ్లు పట్టేసినా పై అంతస్తు మెట్లెక్కి, ఇంటికివ్వని పుస్తకాల గదిలో కూర్చుని, ఎప్పుడూ ఒకే పుస్తకం అడిగేవారు. పెరట్లో కూరగాయలు ఎలా పెంచాలో చెప్పే పాత పుస్తకం అది. ఆయన తప్ప దాన్ని ముట్టినవాళ్లు లేరు. "ఏం సార్, ఈసారి వంకాయలు మస్తు కాసినయా?" అని ఆటపట్టించేదాన్ని. నవ్వి, కళ్లజోడు తుడుచుకుని చదువుకునేవారు. ఆయనకు అసలు పెరడే లేదని నాకేం తెలుసు!

పాత పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టే పని మొదలైనప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. ముట్టుకుంటే పొడిపొడిగా రాలే పుస్తకాలను ఇక ఎవరైనా, ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు. ఆ గురువారం మాస్టారికి చెప్పాను.

"సార్, ఇగ మీకు మెట్లెక్కే తక్లీఫ్ లేదు. మీ పుస్తకమే ముందు పెట్టిస్తా. ఇంట్ల కూసొని ఫోన్‌ల చూసుకోండ్రి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఉన్నది ఉన్నట్టే వస్తుందా అమ్మా? ఏదీ పోదుగా?"

"ఒక్క పేజీ సుత పోదు సార్, నాది భరోసా."

ఆయన ఇంకేదో చెప్పబోయారు. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర ఒకతను పుస్తకంలో పెన్నుతో టిక్కులు పెడుతూ నా కంటబడ్డాడు. ఇంకేముంది, అతని మీద విరుచుకుపడ్డాను. తిరిగొచ్చి చూస్తే మాస్టారు వెళ్లిపోయారు.

మర్నాడు స్కానింగ్ చూసే అమ్మాయి ఆ పుస్తకం తెరిచి, "మేడం, అంచులన్నీ పెన్సిల్ రాతలే. గిట్ల ఉంటే సాఫ్ రాదు, తుడిచి ఇయ్యుండ్రి," అంది. స్కాన్‌కు పంపే ముందు పెన్సిల్ గీతలు తుడవడం మా పద్ధతి. నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ పెద్దాయన ఇన్నాళ్లూ ఈ పిచ్చిగీతల మధ్యే చదువుకున్నారా అనిపించింది. మిగతా పుస్తకాలను అటెండర్లకు ఇచ్చేదాన్ని. ఇది మాత్రం ఆయన కోసమని నేనే తీసుకున్నాను. కొత్త రబ్బరు కొని, కాగితం చిరగకుండా, రెండు రోజులు కూర్చుని ప్రతి పేజీ తుడిచాను. ఎవరో పనీపాటా లేని మనిషి రాసిందని తిట్టుకుంటూ తుడిచానే తప్ప, ఒక్క వాక్యం చదవలేదు.

తరువాతి గురువారం ఆయన మళ్లీ మెట్లెక్కి వచ్చారు. చేతిలో ఫోన్, అందులో ఆ పుస్తకమే తెరిచి ఉంది. పుస్తకం ఇవ్వమని అడిగి, మొదటి నుంచి చివరిదాకా తిప్పారు.

"ఎట్లుంది సార్? కొత్త పుస్తకం లెక్కుంది కదా?"

"అంచుల్లో రాతలుండేవమ్మా," అన్నారు.

"అవా! మీ కోసమే, నేనే తుడిచిన."

"అవి మా ఆవిడవి."

ఆయనే మెల్లగా చెప్పారు. పెళ్లయిన కొత్తలో రెండు గదుల్లో తొమ్మిదిమంది ఉండేవారట. ఇద్దరూ మాట్లాడుకునే చోటే లేదు. అప్పట్లో ఈ పుస్తకం ఇంటికిచ్చేవారు. కూరగాయల పుస్తకాన్ని ఇంట్లో ఎవరూ తెరవరని దాన్నే మళ్లీ మళ్లీ తీసుకునేవారు. పగలు ఆమె రాసేది, బడి నుంచి వచ్చి ఆయన చదివేవారు. అలిగినా అందులోనే, బతిమాలినా అందులోనే. ఆమె పోయాక, ఆ పుస్తకం గుర్తొచ్చి వెతుక్కుంటూ మా దగ్గరికొచ్చారు.

"మరి నాకు చెప్పొద్దా సార్!" అని అరిచాను. తప్పు నాది, అరుపూ నాదే.

"పంతులు పెళ్లాం లైబ్రరీ పుస్తకం మీద రాసిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పనమ్మా? అందులోనూ నీకు..." అని ఆగిపోయారు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. ఇంటికెళ్లేసరికి ఆమె మాటలు మర్చిపోతున్నాను. అందుకే వారం వారం వచ్చేవాణ్ణి," అన్నారు.

ఆయన నా వైపు వంగి, ఆశగా అడిగారు.

"తుడిచేటప్పుడు చదివే ఉంటావు కదమ్మా? ఒక్కటైనా గుర్తుంటే చెప్పు."

ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"చదవలే సార్," అన్నాను.

ఆయన తలూపి, పుస్తకం మూసి నా చేతికిచ్చారు. ఆ తర్వాత ఏ గురువారమూ రాలేదు. మెట్లెక్కే పని లేకుండా చేస్తానన్నాను, చేశాను.