మేడ మీది యార్డు

మొన్న మా కోల్డ్ స్టోరేజీలో కాటా మొరాయిస్తే బాగుచేయడానికి ఒకతను వచ్చాడు. నా బల్ల పక్కనే కింద కూర్చుని, మూత విప్పి, తెగిన తీగకు సోల్డరింగ్ పెట్టాడు. సన్నటి పొగ లేచింది. కాలిన గుగ్గిలం వాసన. మిరప సీజను మొదలై వారం దాటింది, గోదాము గాలి పీలిస్తే దగ్గు వచ్చేంత ఘాటుగా ఉంది. అయినా ఆ వాసన నా దాకా వచ్చింది. చేతిలో ఉన్న లోడింగ్ కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. దేవసహాయం గారి మేడ మీది గదిలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది.

నాకు ముప్పై ఒకటో ఏట ఈ ఉద్యోగం వచ్చింది. మాది ప్రత్తిపాడు. రోజూ బస్సులో తిరగలేక గుంటూరులోనే ఉందామని ఇల్లు వెతుక్కుంటుంటే, రైల్వేలో యార్డు మాస్టరుగా చేసి రిటైరైన దేవసహాయం గారి ఇంట్లో కింది వాటా ఖాళీగా ఉందని తెలిసింది. ఆయనా, భార్య సువార్తమ్మ గారూ పక్క వాటాలో ఉండేవాళ్ళు. పొడుగ్గా, కొంచెం వంగిన మనిషి. వీధిలో అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. చేరిన నెల రోజుల దాకా ఆయన నాతో మాట్లాడింది నీళ్ళ మోటారు గురించీ, గేటు గడియ గురించీ మాత్రమే.

ఒక ఆదివారం నీళ్ళు రాకపోతే అడుగుదామని మేడ ఎక్కాను. పైన రేకుల గది. తలుపు తీసే ఉంది. లోపల గోడల వెంట నడుమెత్తు బల్లలు, వాటి మీద పట్టాలు. ఒక పట్టా రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ చివరికి ఎనిమిది వరసలై పక్కపక్కన సాగాయి. వాటి మీద అరచేతి పొడవున్న గూడ్సు వ్యాగన్లు. మాస్టారు చేతిలో మీట తిప్పుతుంటే చిన్న ఇంజను ఒకటి వెనక్కి నడుస్తోంది. నన్ను చూసి, "ఒక్క నిమిషం ఆగమ్మా, బండి కదుల్తోంది" అన్నారు, నిజంగానే రైలుకి అడ్డొచ్చినట్టు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

యార్డంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. రకరకాల ఊళ్ళకు వెళ్ళాల్సిన వ్యాగన్లు ఒకే గూడ్సులో కలగలిసి వస్తాయి. వాటిని విడదీసి, ఏ దారివి ఆ లైనులోకి తోసి, మళ్ళీ కొత్త బండ్లుగా కట్టి పంపాలి. ఆయన లైన్లకు తెనాలి, రేపల్లె, నరసరావుపేట, మాచర్ల, దొనకొండ అని పేర్లు పెట్టుకున్నారు. ప్రతి వ్యాగనుకీ ఒక అట్టముక్క ఉండేది. ఎక్కణ్ణుంచి వచ్చింది, లోపల ఏముంది, ఎక్కడికి పోవాలి అన్నీ దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేవి. వాటిలో సగం వ్యాగన్లు ఆయన ప్లాస్టిక్ పైపులు చీల్చి, వేడి చేసి చదును పట్టి, చేత్తో చేసినవే. ఇంజన్లు మాత్రం కొన్నవి.

నీళ్ళ సంగతి అడిగాక పోబోతుంటే, ఆరు వ్యాగన్లు చూపించి విడదీస్తావా అన్నారు. ఆ మాత్రం దానికేముంది అనుకున్నాను. మాది మాటా పనీ రెండూ గట్టిగా ఉండే ఊరు, దానికి తోడు నాకు తొందర ఎక్కువ. ఇంజనును ముందుకూ వెనక్కూ పదకొండుసార్లు నడిపాను. రెండు వ్యాగన్లు పట్టాలు తప్పి పక్కకి ఒరిగాయి. ఆయన వాటిని మళ్ళీ మొదట ఉన్న వరసలోనే పేర్చి, అట్టముక్కలు చేతిలో పట్టుకుని ఒక నిమిషం కదలకుండా నిలబడ్డారు. తర్వాత అయిదు కదలికల్లో ముగించారు. "ఈ రెండూ తెనాలివే, పక్కపక్కనే ఉన్నాయి. విడివిడిగా ఎందుకు తోశావు?" అని అడిగారు. చూసుకోలేదన్నాను. "చేత్తో మొదలుపెట్టావు. కళ్ళతో మొదలుపెట్టాలి" అన్నారు. తప్పు పట్టినట్టు లేదు, కొత్తగా చేరిన మనిషికి పని చెప్పినట్టుంది. నాకు రోషం వచ్చింది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాను.

అలా మూడేళ్ళు వెళ్ళాను. ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని భోంచేసి, మూడింటికి పైకి వచ్చేవాళ్ళు ఆ దంపతులు. అదే వేళకు ఆయన పాత స్నేహితుడు సుబ్బారావు గారు స్కూటరు మీద దిగేవారు. ఈయన గూడ్సు ఇంజన్ల డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. బయటి నుంచి బండి తెచ్చి యార్డులో వదలడం సుబ్బారావు గారి పని, విడదీయడం నా పని, కొత్త బండ్లు కట్టి కాగితం రాయడం మాస్టారిది. ఇంజనునూ వ్యాగనునూ కలిపే కొక్కేన్ని, కప్లింగును, సన్నటి వెదురుపుల్లతో ఎత్తి విడిపించాలి. చెయ్యి వణికితే రాదు. గోదాములో ఆరు రోజులు లారీ డ్రైవర్లతో, హమాలీలతో అరిచి అరిచి వచ్చిన నాకు ఆ రెండు గంటలూ ఎవరూ గొంతెత్తని చోటు దొరికింది. క్రమంగా ఆఫీసులోనూ లారీ వచ్చీ రాగానే కేకలు వేయకుండా, కాగితాలు ముందు పరిచి చూసుకోవడం అలవాటైంది. ఏ గదిలోంచి ఏ బస్తాలు ముందు తీస్తే మళ్ళీ మళ్ళీ మోయనక్కర్లేదో ఒక నిమిషం ఆలోచిస్తే తెలిసేది.

అక్కడ ఒక నియమం మాత్రం నాకు వింతగా ఉండేది. వ్యాగన్లను తోసే ముందు ఎవరు తోస్తున్నారో వాళ్ళు "తోస్తున్నాను" అని పైకి చెప్పాలి. బల్ల అవతలి చివర ఉన్నవాళ్ళు చూసి "చూశాను" అనాలి. అప్పుడే కదపాలి. సుబ్బారావు గారు రాని రోజున సువార్తమ్మ గారు చేతిలో కూరగాయల బుట్టతో స్టూలు మీద కూర్చుని, చిక్కుళ్ళు ఒలుస్తూనే ప్రతిసారీ తలెత్తి చూసి ఆ మాట అనేవారు. ప్లాస్టిక్ బండ్లకు ఇంత దేనికని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒకసారి బండి ఆలస్యమైందని, చెప్పకుండానే తోసేశాను. ఏమీ కాలేదు. వ్యాగన్లు చక్కగా వెళ్ళి ఆగాయి. మాస్టారు కరెంటు ఆపేసి కిందికి వెళ్ళిపోయారు. తర్వాత రెండు ఆదివారాలు ఆ గది తలుపు తీయలేదు. మూడో ఆదివారం నేనే వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళి, తప్పయితే చెప్పండి, ఇలా ఉండకండి అన్నాను. ఆయన కుర్చీ చూపించారు. అప్పుడు చెప్పారు.

ఆయన నడివయసులో, ఒక జంక్షనులో షంటింగు, అంటే వ్యాగన్లను విడదీసి తోసే పని, చూసేవారు. ఊరి పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. పట్టాలు మార్చే, వ్యాగన్లు కలిపే యోహాను అనే పాయింట్స్‌మన్ ఆయన కింద పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం, వానజల్లు పడుతుండగా, కప్లింగు సరిగా పడలేదని యోహాను రెండు వ్యాగన్ల మధ్యకు వెళ్ళాడు. బయటికి వచ్చేశాడనుకుని మాస్టారు ఇంజనుకి పచ్చజెండా ఊపారు. యోహాను మధ్యలో నలిగి చనిపోయాడు. విచారణలో, యోహాను చెప్పకుండా లోపలికి వెళ్ళాడని రాశారు. "నా మీద మాట రాలేదు. కానీ ఊపింది నేను. మనిషిని చూడకుండా ఊపాను" అన్నారు. ఆ రోజు ఇంజను నడిపింది సుబ్బారావు గారు. ఆ ఇద్దరూ అన్నేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు ఎందుకు కలుసుకుంటున్నారో నాకు అప్పుడు అర్థమైంది.

యోహాను వాళ్ళింటికి ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళేది అన్నారు. వంటింట్లోంచి సువార్తమ్మ గారు, "ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే మాటమ్మా. ప్రార్థన చేస్తారు, వెళ్ళరు" అన్నారు. నాకేమనిపించిందో అది దాచుకోవడం రాదు. మీ మొహం సంగతి మీరు చూసుకుంటున్నారు గానీ, యోహాను ఇంటివాళ్ళ సంగతి ఎవరు చూశారు అని అనేశాను. అన్నాక భయం వేసింది. మర్నాడు ఆయన సుబ్బారావు గారిని పిలిపించారు.

యోహాను భార్య మార్తమ్మ అద్దంకి దగ్గర ఒక పల్లెలో కూతురి దగ్గర ఉంటోందని సుబ్బారావు గారికి తెలుసు. ఎప్పుడో వాకబు చేసి పెట్టుకున్నారట. కానీ రమ్మంటే తల అడ్డంగా ఊపారు. తన వల్ల కాదన్నారు. చివరికి మాస్టారూ, నేనూ బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన సంచిలో బత్తాయిలు సర్దుతూనే ఉన్నారు. ఒకచోట దిగి వెనక్కి పోదామా అని కూడా అన్నారు. నేను వినిపించుకోనట్టు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

మార్తమ్మ కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ముందు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఎండి సన్నబడిన మనిషి. మాస్టారు తన పేరు చెప్పారు. ఆవిడ చెయ్యి ఆగింది, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. "మీరొస్తారని మొదట్లో చూశామయ్యా. తర్వాత చూడ్డం మానేశాం" అంది. ఆయన నిలబడే, జెండా సంగతి చెప్పారు. వాక్యాలు తెగిపోయాయి గానీ దాచకుండా చెప్పారు. ఆవిడ తల ఎత్తలేదు. తెల్లబారిన కాయ ఒకటి పక్కకి విసిరింది. నేను తీసుకొచ్చి తప్పు చేశానేమో అనుకున్నాను.

కాసేపటికి ఆవిడే అడిగింది. "ఆ రోజు ఆయన అన్నం తిన్నాడా?"

మాస్టారికి అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలకి మాటా మాటా వచ్చింది. కట్టిన కారేజీ అరుగు మీద వదిలేసి పోయాడు. మనసొప్పక తమ్ముడి చేత పంపించింది. సాయంత్రం కారేజీ ఇంటికి చేరింది, కడిగి ఉంది. తిని కడిగాడో, పారబోసి ఎవరన్నా కడిగారో అప్పటి నుంచీ తెలియలేదు.

"తిన్నాడమ్మా" అన్నారు మాస్టారు. "నేనూ ఆయనా కేబిన్‌లో కలిసే తిన్నాం. దోసకాయ పప్పు. నాకు సగం పెట్టాడు. మా ఆవిడ కోపంగా ఉన్నప్పుడే బాగా వండుతుంది సార్ అన్నాడు. పంపు దగ్గర తనే కడిగాడు."

ఆవిడ చేతిలో కాయలు వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దోసకాయ పప్పే" అంది. కూతురు పరుగున వచ్చింది. చాలాసేపటి తర్వాత కుర్చీలు వేయించింది. మేము సాయంత్రం దాకా ఉన్నాం. ఇంకేమన్నాడు, పనిలో ఎలా ఉండేవాడు అని ఆవిడ అడుగుతూనే ఉంది, ఆయన గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటీ చెబుతూనే ఉన్నారు. క్షమించానని ఆవిడ అనలేదు. మళ్ళీ రమ్మని మాత్రం అంది.

తిరుగు బస్సులో ఆయన ఒక్క మాటే అన్నారు. "ఇది నా దగ్గరే ఉందమ్మా ఇన్నేళ్ళూ. ఆవిడకి కావల్సింది."

ఆ తర్వాత ఆయన రెండేళ్ళు బతికారు. నాలుగైదుసార్లు అద్దంకి వెళ్ళారు, ఆఖరిసారి సుబ్బారావు గారిని కూడా ఒప్పించి తీసుకెళ్ళారు. ఆదివారాలు యార్డు ఎప్పటిలాగే నడిచింది. నియమం మారలేదు. ఒక వేసవి పొద్దున నిద్రలోనే పోయారు. బల్లలు ఇప్పటికీ మేడ మీదే ఉన్నాయి. నేను ఆ ఇల్లు ఖాళీ చేసినా ఆదివారాలు వెళుతుంటాను. ఇప్పుడు అట్టముక్కలు చదివి బండ్లు కట్టేది సువార్తమ్మ గారు. నాకన్నా తక్కువ కదలికల్లో ముగిస్తారు.

పోయిన సీజనులో మా గోదాములో కోటయ్య అనే హమాలీ బస్తాల నెట్టు మీంచి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆ పూట లారీలు ఎక్కువై, త్వరగా కానివ్వమని గట్టిగా చెప్పింది నేను. ఇప్పుడే వెళ్ళొద్దనీ, కాస్త చల్లబడ్డాక చూద్దామనీ ఆఫీసులో అన్నారు. సాయంత్రం డ్యూటీ దిగగానే వాళ్ళింటికి వెళ్ళాను. ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చిన కోటయ్య భార్య నన్ను కూర్చోమనలేదు. ఎలా పడ్డాడు, ఎంత ఎత్తు నుంచి, పడ్డాక స్పృహ ఉందా, ఎవరు ఎత్తారు అని వరసగా అడిగింది. తొందరపెట్టింది నేనేనని మొదటే చెప్పాను. అడిగినవాటికి తెలిసినంత చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపు ఆ గుమ్మంలో నిలబడి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.