వంద కిలోమీటర్ల అవతల తెగిన పోగు

దెయ్యాలు, ఆత్మలు, మనసుకు ముందే తెలియడాలు వంటివాటిని నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే ఇప్పటికీ సాక్ష్యం అడిగే రకాన్నే. చదివింది ఏడో తరగతి, చేసేది పట్టుచీరల నేత. అయినా మదనపల్లె గ్రంథాలయంలో సైన్సు అల్మారాలో నేను తెరవని పుస్తకం లేదు. అర్థం కాని పేజీని మూడోసారి కూడా చదువుతాను. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను. పేర్లు మార్చాను. తక్కినదంతా జరిగింది జరిగినట్టే.

మెదడు గురించి ఒక పుస్తకంలో చదివాను. ఒకే శబ్దం చెవిలో మళ్లీ మళ్లీ పడుతూ, మధ్యలో ఒక్కసారి వేరే శబ్దం వస్తే మెదడులో చిన్న విద్యుత్ అల లేస్తుంది. సెకనులో మూడో వంతు కాలం చాలు. ధ్యాస ఆ తేడా మీదికి మళ్లిందనడానికి అది గుర్తు. మనిషి నోరు తెరవకపోయినా, వేలు కదపకపోయినా, తలకు అంటించిన తీగలు దాన్ని పట్టుకుంటాయి.

అది చదివిన రోజే మా అక్క గుర్తొచ్చింది. పెళ్లయి పుంగనూరు వెళ్లేదాకా మా ఇంట్లో మగ్గం ఆమెదే. ఆ తర్వాత చూడడానికి వచ్చినా, వంటింట్లో కూరగాయలు తరుగుతూనే మగ్గం మీద ఉన్న నా భార్య సరోజకు కేకేసేది.

“సరోజా, ఆపు. పోగు తెగింది సూడు.”

చూస్తే నిజంగానే వేల పోగుల్లో ఒకటి తెగి ఉండేది. మగ్గం ముందున్న మనిషికే తెలిసేది కాదు.

“నీకు చెవుల్లో కండ్లుండాయా వదినా?” అని సరోజ విసుక్కునేది. నేను అల సంగతి వివరించబోతే అక్క, “నీ అలలు తర్వాతప్పా. ముందు ఆ పోగు అతికించు,” అనేది.

మా బావ రెడ్డెప్పకు పుంగనూరులో టీ అంగడి. ఒకరోజు అక్కను బండి మీద ఎక్కించుకుని సోమల వెళ్తుండగా కుక్క అడ్డం వచ్చింది. బావకు మోకాలు చెక్కుకుపోయింది. అక్క తల రోడ్డుకు తగిలింది.

కుప్పంలో ఒక పెద్ద ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు యంత్రం మీద ఊపిరి తీసుకుంది. కన్ను తెరవలేదు. చేయి గిల్లినా కదల్లేదు. మెదడు బాగా దెబ్బతిందని, తేరుకుంటుందన్న ఆశ లేదని, శుక్రవారం లోపల ఏదో ఒకటి నిర్ణయించుకోమని డాక్టర్లు చెప్పారు. యంత్రం తీసేస్తే ఎంతోసేపు ఉండదని కూడా చెప్పారు.

“ఈ గొట్టాలతో ఆమెను ఇంకెన్నాళ్లు ఏడిపిస్తాం బామ్మర్దీ? ఇంటికి తీసకపోతా,” అన్నాడు బావ.

“అక్క లోపల ఉండాది బావా.”

“యాడుండాది? సూపియ్యి. సూపిస్తే ఇల్లు అమ్మి అయినా ఈడే పెట్టుకుంటా.”

ఆయన కోపంతో అన్నమాట కాదది. నిజంగానే అడిగాడు.

అదే ఆసుపత్రికి ధ్యాస మీద, మెదడు అలల మీద పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ వస్తుందని నర్సు చెప్పింది. బుధవారం ఆమె గది బయట నిలబడి పట్టుకున్నాను. చదివిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం చదివినారు మీరు?”

“ఏడో తరగతమ్మా. తర్వాతంతా లైబ్రరీ.”

ఆమె నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే అక్క తలకు తీగలు అంటించింది. చెవులకు పెట్టిన గొట్టాల్లో టిక్కు టిక్కుమని ఒకే శబ్దం, నడుమ నడుమ వేరే శబ్దం. గంటసేపు చూసినా తేడాకు అల రాలేదు. అక్కకు టిక్కులతో ఏం పనమ్మా, మగ్గం శబ్దం వినిపించండి అని బతిమాలాను. సరోజ ఫోన్లో రికార్డు చేసి పంపింది గానీ అందులో వీధిలోని లారీల మోత ఎక్కువగా ఉంది. మర్నాడు పదకొండుకు తలుపులు మూసుకుని మళ్లీ రికార్డు చేయమని చెప్పాను.

గురువారం పదకొండుకు డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. సరోజ రికార్డు వచ్చేలోగా, పోలిక కోసం ఏ శబ్దమూ లేకుండా అరగంట అలలు తీసుకుంటానంది. గొట్టాలు చెవుల నుంచి తీసేసింది. నేను మూలన నిలబడ్డాను.

ఆ నిశ్శబ్దంలో మూడుసార్లు అల లేచింది.

అలాంటి అల ఒక్కటే విడిగా కనబడడం అరుదని నేను చదివాను. ఎన్నో సార్లవి కలిపి సగటు తీస్తే గానీ తేలదు. ఇవి మూడూ విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. ఎవరైనా మంచాన్ని తాకారా అని డాక్టరమ్మ నర్సును అడిగింది. లేదంది. తీగలు చూసింది, యంత్రం చూసింది. మూడు సమయాలూ కాగితం మీద రాసుకుంది. ఇదేదో యంత్రంలోని అలజడి అయి ఉంటుందంది.

పదకొండున్నర దాటాక సరోజ ఫోన్ చేసింది.

“పనికొచ్చేట్టు లేదయ్యా. మూడుసార్లు పోగు తెగింది. ఆపి ఆపి నేసినా. ఎప్పుడూ ఇట్ల తెగింది లేదు.”

ఆమె ఫోన్ పదకొండు నుంచీ రికార్డు చేస్తూనే ఉంది. ఆ శబ్దాన్ని డాక్టరమ్మ, నేను కూర్చుని విన్నాం. మగ్గం ఆగిన చోట్లు మూడు. ఒక్కోదానికీ ముందు, చెవి పెట్టి వింటే తప్ప తెలియని చిన్న తేడా. వాటి సమయాలు, కాగితం మీది సమయాలు ఒక్కటే. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. రెండు గడియారాలు సెకన్ల లెక్కన నమ్మడానికి లేదని మాత్రం అంది. అది సరైన మాటే. కుప్పానికీ మదనపల్లెకూ మధ్య దాదాపు వంద కిలోమీటర్లు.

నేను పరుగెత్తుకెళ్లి బావకు చెప్పాను. ఆయన కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, “ఇంగోసారి సూపియ్యి. నా కండ్ల ముందర,” అన్నాడు.

ఇక్కడే నేను తప్పు చేశాను.

శుక్రవారం మళ్లీ పదకొండుకు ఏర్పాటు చేశాం. పోగులు వాటంతటవి తెగుతాయో లేదోనని నాకు భయం పట్టుకుంది. సరోజకు ఫోన్ చేసి, నేస్తూ నేస్తూ కత్తెరతో పది పోగులు తెంపమన్నాను.

“కావాలని తెంపాల్నా? పట్టు పోగును? నా చేతులతో?”

“అక్క పానం కోసమే, తెంపు!” అని అరిచాను.

ఆమె ఏడుస్తూనే తెంపింది. పదీ రికార్డులో వినిపిస్తాయి. ఇక్కడ బావ మంచం పక్కన నిలబడి తెర వంక రెప్ప వేయకుండా చూశాడు. అరగంటలో ఒక్క అల కూడా లేవలేదు. డాక్టరమ్మ ఇంకో అరగంట చూసింది. ఏమీ లేదు.

బావ నా భుజం మీద చేయి వేసి, “సాల్లేప్పా,” అన్నాడు. సాయంత్రానికి అక్కను అంబులెన్సులోకి ఎక్కించాం.

పలమనేరు దాటాక, ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు తట్టింది. నేత పూర్తయ్యాక చీర మీది అదనపు పోగుల్ని మేము రోజూ కత్తెరతో కత్తిరిస్తాం. పనిలో చేయి తప్పి ఒకటీ అరా మంచి పోగూ తెగుతుంది. అప్పుడు అక్క తలెత్తి చూసింది నేనెన్నడూ ఎరగను. తానుగా తెగిన పోగుకే ఆమె పలికేది. బండి ఆపమని అరవాలనిపించింది. అరిచి ఏమని చెప్పాలి? ఏం పెట్టి చూపించాలి? ఊరు దగ్గరపడుతోంది. ఊరుకున్నాను.

పుంగనూరులో ఇంటి వసారాలో, ఆ రాత్రి గడవకముందే అక్క పోయింది.

గురువారం తీసిన అలల కాగితం డాక్టరమ్మ నాకొక నకలు ఇచ్చింది. దీన్ని ఎక్కడా రాయలేనని, ఒక్కసారి జరిగినదానికి రుజువు విలువ లేదని చెప్పింది. ఆమెతో నాకు పేచీ లేదు. నేనైనా అదే అనేవాణ్ణి. గడియారాలు తప్పయి ఉండొచ్చు. పట్టు నాసిరకం కావొచ్చు. మూడింటికి మూడు కలవడం కాకతాళీయమూ కావొచ్చు. గ్రంథాలయంలో దొరికిన ప్రతి పుస్తకం తిరగేశాను. శబ్దమే చేరని చెవికి తేడా ఎలా తెలిసిందో ఎక్కడా లేదు.

నేను బావ అంగడికి వెళ్లినప్పుడల్లా, ఆయన టీ గ్లాసు నా చేతికిచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని అడుగుతాడు. “నిజం చెప్పప్పా. ఆ పొద్దు ఆస్పత్రిలో ఆమె ఇనిందా?”

“లేదు బావా, గడియారాల తప్పు,” అంటాను. ఆయన తల ఊపి తర్వాతి టీ పోయడానికి వెళతాడు.

నిజమేమిటో నాకు తెలియదు. బావకు చదువు రాదు. పుంగనూరు వాళ్లెవరైనా ఇది చదివితే, ఆ టీ అంగడి ఏదో గుర్తుపడితే, దయచేసి ఆయనకు చదివి వినిపించకండి.