తాత తలలో ఇంజన్లు

ఆ రోజుల్లో మా కప్పగల్లులో పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఇనుప గనుల దుమ్ముతో ఎర్రబడేది. గనుల గిరాకీ అలాంటిది. వడ్ల బస్తాలు ఉండే చోట లారీలు నిలిచాయి, రైతైన మా తాత లారీల యజమాని అయ్యాడు. నేను బళ్ళారిలో బీయెస్సీ చదువుతూ, పదిమందిలో నోరు విప్పలేక చెప్పాలనుకున్నవన్నీ డైరీకి చెప్పుకునేదాన్ని. (డైరీ ఎదురు ప్రశ్నలు వేయదు కదా.)

అప్పుడే తాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ ఒలుకుతుందని డ్రైవర్ల ముందుకు రావడం మానేశాడు. డాక్టరు పార్కిన్సన్స్ అని మాత్రలు రాసి, బాగా నడవమన్నాడు. ఆ జబ్బేమిటో తాతకు అర్థం కాలేదు. క్లాసులో విన్నది ఆయన భాషలో చెప్పాను. "మెదడు కణాల్లో చిన్న చిన్న ఇంజన్లుంటాయి తాతా, మైటోకాండ్రియా అంటారు. శక్తినిచ్చేది అవే. అవి చెడిపోతే పొగలాంటిది ఎక్కువై కణాన్నే తినేస్తాది. చేతిని నడిపించే కణాలు అట్ల దెబ్బతింటాయి." (దీన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారని కూడా చెప్పి, నా పాండిత్యానికి నేనే మురిసిపోయాను.)

తాత వాకిట్లోని లారీల వైపు చూసి, "పొగ కక్కే బండిని తోలకూడదు మే" అన్నాడు. మరునాటి నుంచి స్నానానికి తప్ప మంచం దిగలేదు. అవ్వ లేవమంటే, "సుమ్నే ఉండు, కదిలించొద్దు, ఇంజన్లు చల్లారతాండాయి" అనేవాడు. అవ్వ తక్కువదా? లారీ బంపరుకు కట్టినట్టే మంచం కోడుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. తాత కాళ్ళు బిగుసుకుపోసాగాయి. నేను చెప్పిన ఇంజన్ల పోలికే ఆయన్ని మంచానికి కట్టేసిందని నాకు అన్నం సయించలేదు.

ఒక ఉదయం డ్రైవర్లంతా చూడవచ్చారు. వాళ్ళలో పెద్దాయన, "ఏంది రెడ్డీ, బండి షెడ్డులో పెట్టేస్తివా?" అన్నాడు.

"నిలబెట్టేసినానప్పా. పొగ ఎక్కువైంది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వానాకాలమంతా నిలబెట్టిన మన పాత లారీ ఏమాయ తాతా? బ్యాటరీ చచ్చిపాయ, టైర్లు పగిలిపాయ, తోసినా కదల్లేదు గదా!"

అందరూ నా వైపు తిరిగారు. "ఓయమ్మ, ఈ పాపకు నోరుండాదే!" అన్నాడు పెద్ద డ్రైవరు. నేను తలుపు వెనక్కి దూరిపోయాను.

తాత కాసేపు నిమ్మకాయను చూసి, చెయ్యి చాచాడు. "సెల్ఫ్ స్టార్టు అందుకోడంల్యా. తోయండప్పా."

డ్రైవర్లు ఆయన్ని లేపి, వీపు మీద చెయ్యేసి వాకిట్లోకి తోశారు. ఆయన అవ్వ ఇచ్చిన గ్లాసును రెండు చేతులా పట్టుకుని, సగం పంచె మీద ఒలకబోసుకుంటూ అందరి ముందూ టీ తాగాడు. వణుకు పోలేదు, ఆ పొగను కడిగే మందూ ఎవరూ ఇవ్వలేదు. కానీ చాలా ఏళ్ళు నడిచాడు.

గనులు మూతపడి లారీలు పోయాయి, పంచెలు మళ్ళీ తెల్లగా ఆరుతున్నాయి. ఇప్పటికీ పదిమంది ముందు లేచి మాట్లాడాలంటే నా చేతులు వణుకుతాయి. అప్పుడు మనసులోనే అనుకుంటాను, తోయండప్పా అని.