మాస్టారు చెవి ఆనిస్తే వాల్వు పోయినట్టే

ఓర్వల్ ట్వెయిట్ మాస్టారు ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించరు, ఫర్నేస్‌ని పలకరిస్తారు. తలుపు తీయగానే బూట్ల మీది మంచు దులుపుకుని, మన పక్కనుంచి దూరి, నేరుగా నేలమాళిగలోకి దిగిపోతారు. ఇల్లంతా వెచ్చబెట్టే ఆ గ్యాస్ ఫర్నేస్ ముందు బకెట్ బోర్లించుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, రేకుకి చెవి ఆనిస్తారు. మనం కాఫీ కప్పుతో మెట్ల మీద నిలబడాలి.

"మాస్టారూ, కాఫీ చల్లారిపోతోంది."

"ఆఁ?"

"కాఫీ!"

"ష్! ఎత్తుగడ వినాలి."

ఏ మాటైనా రెండుసార్లు చెప్పించుకోవడం బడిపంతులు అలవాటేమో అనుకునేవాళ్ళం. మా ఊరు టాల్‌బెర్గ్ బడిలో ఆయన బ్యాండు మాస్టారు. ట్రంపెట్ ఊది ఊరికి తలనొప్పి తెప్పించిన వాళ్ళంతా ఆయన శిష్యులే. నేను క్లారినెట్ వాయించేదాన్ని, దాన్ని వాయించడం అనొచ్చంటే. రిటైరయ్యాక కర్ర ఊపడానికి పిల్లలు లేక, ఆయన ధ్యాసంతా ఫర్నేస్‌ల మీదికి మళ్ళింది.

"అదీ బ్యాండేనే, కారిన్," అనేవారు నాతో. "ముందు ఫ్యాను తిరగాలి. తర్వాత లోపలి కడ్డీ ఎర్రబడాలి. అప్పుడు గ్యాస్ వాల్వు టిక్కున తెరుచుకోవాలి. వెంటనే మంట హుప్పున అందుకోవాలి, అదే ఎత్తుగడ. కాస్త ఆగి ఢామ్మని అంటుకుందా, వాల్వు మీద ఓ కన్నేయాలి. ఇల్లు వెచ్చబడ్డాక కూడా మంట ఆరలేదా, గ్యాసు కట్టేసి బయటికి నడవాలి."

పాఠం బాగానే ఉండేది. చిక్కల్లా తీర్పు దగ్గరే. ఎవరింట్లో విన్నా ఒకటే మాట: "లాభం లేదు. వాల్వు పోయింది, మార్చాల్సిందే." కొత్త పాస్టరు గారింట్లో కొత్త ఫర్నేస్ మీద అంటించిన కంపెనీ కాగితం ఇంకా పీకనే లేదు, దానికీ వాల్వే. ఒకరింట్లో పెద్దాయన పోతే పరామర్శకు వెళ్ళి, ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని, "చాలా విచారం. మీ వాల్వు కూడా పోయింది," అన్నారు.

ఆ తర్వాత ఫర్నేస్‌లు బాగుచేసే బెవ్ కోవాల్కికి ఫోన్ వెళ్ళేది. బెవ్ కూడా ఆయన శిష్యురాలే, ట్రాంబోన్ ఊదేది. పెట్టె మోసుకుంటూ వచ్చి, కిందికి దిగి, కాసేపటికి నవ్వుతూ పైకొచ్చేది. "ఏమైంది బెవ్?" అని ఎవరడిగినా, "మాస్టారి సంగతి తెలీదా?" అనేసి బండెక్కేది. ఊరంతా చెప్పుకుని నవ్వుకునేది.

ఇక్కడ మా ఊరివాళ్ళ జబ్బు కూడా చెప్పాలి. మా దగ్గర చలేస్తోందని ఒప్పుకోవడం కన్నా గడ్డకట్టుకుపోవడం మర్యాద. ఎవరేం ఇస్తామన్నా రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగితే, అదీ వాళ్ళ మాట కాదనలేక, ఒప్పుకోవాలి. ఈ విద్యలో మా మేనత్త ఆర్డిస్‌ని మించినవాళ్ళు లేరు. కాలు విరిగి మంచులో పడి ఉన్నా, "కాస్త కూర్చున్నాలే," అనే రకం.

ఆ చలికాలం అత్త మా అందరి మీదా దయతలచింది. పొద్దస్తమానం దాల్చినచెక్క రొట్టెలు చేసి ఇంటింటికీ పంచడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరి ప్యాంటూ వాళ్ళకి పట్టడం మానేసింది. తిన్నాం, వేళ్ళు నాక్కున్నాం, అంతే.

ఫిబ్రవరిలో చర్చి ఆడవాళ్ళందరినీ ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చే వంతు అత్తది. అందరం వంటింట్లోనే, ఓవెన్ చుట్టూ, కోట్లు విప్పకుండా కూర్చున్నాం. కాఫీలోంచి పొగలు, మా నోళ్ళలోంచీ పొగలు. "ఎంత హాయిగా ఉందో మీ ఇల్లు," అంది ముక్కు దాకా మఫ్లరు చుట్టుకున్న ఒకావిడ. మిగతావాళ్ళం తలూపాం. అంతలో మాస్టారు వచ్చి నేలమాళిగ వైపు నడిచారు. అత్త లేచి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"కింద నీకేం పనిలేదు, ఓర్వల్."

"అందరిళ్ళలోనూ విని నీ ఇంట్లో మానేస్తే, నీ మీద అలిగాననుకుంటారు."

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అత్త ఇక తప్పుకోక తప్పలేదు. ఆయన వెనకే నేనూ దిగాను.

ఫ్యాను తిరిగింది. కడ్డీ ఎర్రబడింది. ఆ తర్వాత ఏమీ లేదు. కడ్డీ నల్లబడింది. మళ్ళీ ఎర్రబడింది, మళ్ళీ నల్లబడింది. చివరికి ఫర్నేస్ తనవల్ల కాదని ఊరుకుంది. తాళం తప్పిందని నాలాంటి క్లారినెట్‌దానికి కూడా అర్థమైంది. మాస్టారు మాత్రం వాల్వు మాటెత్తలేదు. పైకప్పు వైపు చూశారు. సరిగ్గా దాని మీదే వంటింటి ఓవెన్.

"మీ అత్త పొద్దస్తమానం ఎందుకు వండుతోందే?"

అప్పటికి వెలిగింది నాకు. చలి కాచుకోవడానికి! కిటికీలన్నీ మూసి, గ్యాస్ ఓవెన్ వెలిగించుకుని బతుకుతోంది. ఆ మంట వదిలే విషపుగాలికి ఏదో ఒకరోజు కుర్చీలో కునుకు తీసినది తీసినట్టే ఉండిపోయేది. మేమేమో రొట్టెలో చక్కెర సరిపోయిందని మెచ్చుకున్నాం.

"ఇప్పుడే వెళ్ళి చెప్తాను."

"చెప్తే 'బానే ఉందిలే' అంటుంది. రేపట్నుంచి తలుపు కూడా తీయదు. నువ్వాగు."

మాస్టారు మెట్లెక్కి, వంటింటి మధ్యలో నిలబడి, గొంతెత్తి ప్రకటించారు. "వాల్వు పోయింది!"

అందరూ పగలబడి నవ్వారు. అత్త ముఖం తేటపడింది. "మొదలెట్టాడమ్మా," అంది.

"నవ్వండి, నవ్వండి. ఆర్డిస్, ఈ చలికాలమంతా తిరిగాను, ఒక్క ఇంట్లోనూ నా మాట నిజం కాలేదు. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా. నువ్వొక్కదానివి వాల్వు మార్పించుకుని నా పరువు నిలబెట్టు."

"అబ్బే, వద్దు."

"పాత స్నేహితుణ్ణి, అడుగుతున్నాను."

"నాకేం లోటు లేదు."

"లోటు నాకు. ఈ ఉపకారం చెయ్యి."

మూడోసారి అడిగారు. అత్త ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. "సరే, నీ సంతోషం కోసం. నాకోసం కాదు."

"నీకోసం ఎందుకవుతుంది!"

బెవ్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. మీటరు పెట్టి నాకు చూపించింది. "కరెంటు వాల్వు దాకా వస్తోంది. ఇదే తెరుచుకోవట్లేదు. దీన్ని విప్పి బాగుచేయకూడదు, మార్చడమే." కొత్తది బిగించి, అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి, బుడగలు రావట్లేదని చూసింది. టిక్, హుప్. పైన అత్త ఓవెన్ కట్టేసిన చప్పుడు వినిపించింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బండి దాకా సాగనంపుతూ అన్నాను, "ఏం చెవులు, బెవ్, మాస్టారివి!"

"చెవులా? ఆ పెద్ద ట్యూబా బూరల పక్కన నిలబడీ నిలబడీ ఎప్పుడో పోయాయి. ఎదురుగా ఉన్న మనిషి మాట అందుతుందేమో గానీ, ఆయనకి టిక్కూ లేదు, హుప్పూ లేదు. లేకపోతే నిన్ను బ్యాండులో ఉంచేవారా?"

"మరి ఎలా తెలుస్తుంది?"

"మనుషుల్ని చూస్తారు. ప్రతి చలికాలం ఎవరో ఒకరి ఇల్లు నిజంగా చల్లబడుతుంది. ఆ ఒక్క ఇంటికే వెళ్తే ఊరికి తెలిసిపోతుంది. అందుకే అందరిళ్ళకీ వెళ్తారు, అన్నిచోట్లా వాల్వే అంటారు. నేనూ అందరిళ్ళనుంచీ నవ్వుతూనే వస్తా. ఎక్కడ మార్చానో, ఎక్కడ ఊరికే వచ్చానో ఎవరికి తెలుసు?"

అత్త రొట్టెలు ఆగిపోయాయి. వీధి వీధంతా బెంగపెట్టుకుంది.

తర్వాతి వారం మాస్టారు మా ఇంటికొచ్చారు. ఫిల్టరు మార్చుకోవడానికి నేనప్పుడే ఫర్నేస్ కట్టేశాను. ఆ సంగతి చెప్పేలోగా ఆయన కిందికి దిగి, బకెట్ మీద కూర్చుని, చల్లటి రేకుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు.

"వాల్వు పోయింది."

"ఎత్తుగడ ఆలస్యమా, మాస్టారూ?"

"ఆఁ?"

"ఎత్తుగడ!"

"ఘోరం. దీనికన్నా నీ క్లారినెట్ నయం."

వెంటనే బెవ్‌కి ఫోన్ చేశాను. ఫర్నేస్ మాత్రం ఆయన కాఫీ తాగి వెళ్ళాకే వేశాను.