ఐర్లాండ్ మామ కోపం

నా చిన్నప్పుడు, కువైట్ యుద్ధం జరిగిన చలికాలంలో, రియాద్ మీద ఇరాక్ క్షిపణులు పడుతుండేవి. బడి మూసేశారు. అమ్మ కాన్పుకని కడప వెళ్లింది. ఇంట్లో ఒంటరిగా వదల్లేక, ఏసీ మెకానిక్ అయిన నాన్న నన్ను పనికి వెంటబెట్టుకుని పోయేవాడు. ఆయన పనిచేసే కంపెనీ తన భవనం ఒకటి అమెరికా సైనికులకు అద్దెకిచ్చింది; అక్కడి ఏసీలు నాన్నే చూసేవాడు. నాన్నకు ఇంగ్లీషు రాదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు నేనే చెప్పేదాన్ని.

గేటు దగ్గర కాపలా ఉండే సైనికుణ్ణి నేను ఐర్లాండ్ మామ అనేదాన్ని. సొంత దేశంలో పని దొరక్క అమెరికా చేరి, అక్కడి సైన్యంలో కలిశాడు. ఇంకా ఆ దేశ పౌరుడు కాలేదు. "తుపాకీ ఇచ్చారు, పాస్‌పోర్ట్ ఇవ్వలేదు" అని నవ్వేవాడు. ఒకసారి నాన్న కూడా నవ్వి, "నాది కఫీల్ బీరువాలో ఉండాదని చెప్పు పాపా" అన్నాడు. కఫీల్ అంటే మమ్మల్ని పనికి రప్పించిన యజమాని; అతని చేతిలోనే మా రాకపోకలన్నీ ఉండేవి మరి.

ఆ క్షిపణులతో విషవాయువు వదులుతారన్న భయం ఊరంతా పాకింది. ఒకరోజు ఆ సైనికుడు, మీ మాస్కులేవని అడిగాడు. "ఇంట్లో ఉండాయని చెప్పు" అన్నాడు నాన్న. నేను అలా చెప్పలేదు. కంపెనీ మాకు ఇవ్వలేదనీ, తడి తువ్వాలు మొహానికి చుట్టుకోమన్నారనీ ఉన్నమాట చెప్పేశాను. నవ్వే ఆ మనిషి మొహం రాయిలా అయింది.

అంతలో కంపెనీ మేనేజరు కారు దిగాడు. మన దేశం వాడే. అతని భుజానికి మాస్కు సంచి వేలాడుతోంది. సైనికుడు నిలదీస్తే, "అవి ఆఫీసు స్టాఫుకి. వీళ్లు లేబర్" అన్నాడు, మేం అక్కడ లేనట్టే.

"నాతో కాదు. ఈ పాప మొహం చూసి చెప్పు. మీ నాన్న ఊపిరికి విలువ లేదని చెప్పు" అని అరిచాడు సైనికుడు.

మేనేజరు నావైపు చూడలేకపోయాడు. సైనికుడు అరుస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి అధికారి వచ్చి అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

"ఎందుకు చెప్పినావు మ్మే? పన్లోంచి తీసేస్తే యాడికి పోతాం?" అంటూ నాన్న దారి పొడుగునా తిట్టాడు. ఆ తిట్ల వెనక ఏడుపు ఉందని నాకు తెలుస్తూనే ఉంది. మర్నాడు మా ఇద్దరికీ మాస్కులు వచ్చాయి. నాన్నతో పనిచేస్తూ కంపెనీ లేబర్ క్యాంపులో ఉండే మనుషులకు మాత్రం తడి తువ్వాళ్లే గతి. ఐర్లాండ్ మామను యుద్ధం జరిగే సరిహద్దుకు పంపేశారని గేటు దగ్గరి కొత్త సైనికుడు చెప్పాడు. కంపెనీ వాళ్లతో గొడవపడినందుకట. అతను బతికాడో లేదో, ఆ పాస్‌పోర్ట్ చేతికొచ్చిందో లేదో నాకు నేటికీ తెలియదు.

ఇప్పుడు జెద్దాలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పనివాళ్లను పక్కన నిలబెట్టి, వాళ్లు మనుషులే కానట్టు వాళ్ల గురించి నాతో మాట్లాడే పెద్దమనుషులు ఈనాటికీ వస్తుంటారు. నా ఒళ్లు మండిపోతుంది. వాళ్ల కళ్లలోకి చూసి ఆ మాట అనండి, అంటాను. చాలామంది అనలేరు. అనగలిగిన వాళ్లను చూస్తే మాత్రం, ఆ రోజు గేటు దగ్గర నాకు అంటుకున్న కోపం ఇంకా చల్లారనందుకు సంతోషిస్తాను.