రుజువైన ఏనుగులు

ఏనుగులు నా వీపు మీంచి జారిన సంగతి చెప్తాను, కానీ ముందు వెనకలు తారుమారైతే ఏమనుకోకండి. ఈ మధ్య పొద్దున తిన్న కూర మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు. అందుకే రాసి పెడుతున్నాను.

అరవైల చివర. నల్లగొండ జిల్లాలో మాది మగ్గాల ఇల్లు. చిటికీ పని మా అత్త ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. చిటికీ అంటే, నేయకముందే నూలును బొమ్మ ప్రకారం సైకిల్ ట్యూబు పట్టీలతో కట్టి రంగులో ముంచడం. కట్టినచోట తెలుపు నిలుస్తుంది. ముడి తప్పితే నేసినాకనే తెలుస్తుంది, అప్పటికి చీర పాడు. ఆ పని నాకు కావాలని మొండికేశాను.

"ఒక్క చీర తప్పు లేకుండ చెయ్యి, నీకే ఇస్త. తప్పయితే మళ్ళ అడగొద్దు" అన్నది అత్త.

సరిగ్గా అప్పుడే మా మరిది నర్సింహ బొంబాయి నుంచి సెలవులకొచ్చాడు. కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తున్నాడు.

"యంత్రానికి ఏం చెయ్యాల్నో వరుసగ రాసిస్తం వదినా. నడిపి చూసి బాగున్నదంటే చాలదు. రేపు తప్పొచ్చుగద. అందుకే నడపకముందే తప్పు రాదని కాగితం మీద రుజువు చేస్త."

"అయితే నా చీరకు చెయ్యి" అన్నాను.

ఇద్దరం గ్రాఫ్ కాగితం ముందేసుకుని కూర్చున్నాం. చీర నిండా ఏనుగులు. "ముందు నీకేం కావాల్నో చెప్పు" అన్నాడు. "చీర పొడుగునా ప్రతి ఏనుగు కాళ్ళు ఒకే అంచు దిక్కుండాలె" అన్నాను. అదే మా మొదటి నియమం. ఒక వరుస సరిగ్గా ఉంటే తర్వాతి వరుస ఎందుకు తప్పదో, ప్రతి ముడికీ రాశాం.

"చీర నేస్తరా, మంత్రాలు రాస్తరా?" అన్నది అత్త.

రంగులేశాం, నేశాం. మగ్గం మీంచి దించితే ఒక్క ఏనుగు కూడా గీత దాటలేదు. అత్త చేత్తో తడిమి చూసి, "కట్టుకోని రా" అన్నది.

కట్టుకొచ్చాను. నడుము చుట్టూ ఏనుగులు దర్జాగా నడుస్తున్నాయి. అత్త నా వెనక్కి వెళ్ళి ఆగిపోయింది. కొంగు భుజం మీంచి కిందికి వేలాడింది కదా, దాని మీది ఏనుగులన్నీ తొండాలు నేలకు పెట్టి నా వీపు మీంచి జారుతున్నాయి.

"లెక్కయితే తప్పలేదమ్మా" అన్నాడు నర్సింహ.

"అయితే గా కాగితమే చుట్టుకోని తిరుగుమను."

నర్సింహ ఎన్నడూ చీర కట్టలేదు, సరే. నేను రోజూ కట్టేదాన్నే.

మళ్ళీ అడగొద్దన్నది గనుక అడగలేదు. మర్నాడు అత్త రంగుపోయిన పాత చీర కట్టుకుని నిలబడి ఉంటే, బొగ్గు పట్టుకుని ఆమె కొంగు మీద ఏనుగును గీయడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవే?"

"అడుగుతలేను అత్తా, గీస్తున్న."

 అత్త భుజం మీంచి తొంగిచూసి, "తొండం జర పైకి గియ్యి" అన్నది. చిటికీ పని ఆ రోజు నుంచి నాదే.

జారుడు ఏనుగుల చీరను ఎవరూ కొనలేదు. నేనే కట్టాను, కొంగు ఎవరి కంటా పడకుండా ఎప్పుడూ నడుములో దోపుకుని. పొద్దస్తమానం పనికి సిద్ధంగా ఉండే కోడలని వాడంతా నాకు పేరొచ్చింది.

సుజాతా, నీకు ఈ పేర్లు తెలుసు, ఒకసారి చూడు బిడ్డా. నర్సింహ అన్నది మరిది పేరా, మీ పెదనాయిన, అంటే మా ఆయన పేరా? మొగుడి పేరు నోట పలకొద్దని ఇన్నేండ్లు పలకలేదు. ఇప్పుడు ఇద్దరిలో ఎవరిని రాశానో నాకే తెలియడం లేదు.