అరచేతిలో మసి

1962 సార్వత్రిక ఎన్నికలకు నన్ను అల్లూరుకు తూర్పున సముద్రపు ఒడ్డునున్న ఒక పట్టపుపాలేనికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అప్పుడు నేను డిప్యూటీ తాసిల్దారును. చేపల వేట మీద బతికే ఊరది. పోలింగ్ స్టేషను ఒంటిగది బడి. దానికి నూరు గజాల లోపల ఓటడగడం నేరం. తెల్లవారగానే కానిస్టేబుల్ చేత ఆ దూరం కొలిపించి, సున్నంతో గీత గీయించాను. జెండాలు, కరపత్రాలు గీత అవతలికి పోయాయి. అరుపుల్లేవు, తోపులాట లేదు. ఇంత బుద్ధిమంతుల ఊరు దొరికిందని లోలోపల మురిసిపోయాను.

కాస్త పొద్దెక్కాక పోలమ్మ అనే ముసలామె వచ్చింది. ఎడమచేతి వేలికి సిరా పెట్టించుకుని, బ్యాలెట్ కాగితం కోసం కుడిచెయ్యి చాచింది. అరచెయ్యి మసిబారి, నడుమ బొబ్బ లేచి ఉంది. వెనకున్న ఆడవాళ్లను చేతులు చూపించమన్నాను. అందరి అరచేతుల్లోనూ అదే మసి. నిర్ఘాంతపోయాను. ఎలా కాలిందని అడిగితే ఒకామె బడి గోడ వెనక్కి చూపించింది.

అక్కడ గంగమ్మ రాయి ఉంది. పాలెం కులపెద్ద, వాళ్ల మాటలో పెద్దకాపు, పళ్లెంలో కర్పూరం వెలిగించి, ఫలానా గుర్తుకే వేస్తామని చెప్పించి, ఒక్కొక్కరి చేత దాన్ని అరచేత్తో ఆర్పిస్తున్నాడు. అలా చేసిన ప్రమాణం తప్పితే గంగమ్మ సముద్రం మీద ప్రాణం తీస్తుందని వాళ్ల నమ్మకం. నిలదీస్తే పెద్దకాపు తొణకలేదు.

"మేం ఓటడగలేదు సార్. దేవతకు మొక్కించినాం, అంతే."

గీత లోపల ఓటరు చేత గుర్తు పేరు పలికించినా ప్రచారమేనని చెప్పి, పళ్లెం స్వాధీనం చేసుకుని, అతన్ని కానిస్టేబుల్‌కు అప్పగించాను. రిపోర్టు రాశాను. చట్టం పని అక్కడితో అయిపోయింది.

పోలమ్మ మాత్రం కాగితం పట్టుకుని తెర దగ్గరే నిలబడిపోయింది. ఆమె వేయాలనుకున్నది వేరే గుర్తుకట. లోపల ఎవరికి వేసినా ఎవరికీ తెలియదని, నాకు కూడా తెలియదని నచ్చజెప్పాను.

"గంగమ్మకు తెలీదా నాయనా? నా కొడుకు పొద్దున్నే వేటకు పోయినాడు."

అలాగని మనసొప్పని గుర్తుకు వేయడమూ ఆమె వల్ల కాలేదు. కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అలా తిరిగొచ్చిన బ్యాలెట్ మీద రద్దయిందని రాసి విడిగా కవరులో ఉంచాలి. అలాగే రాసి కవరులో పెట్టాను.

తర్వాత చేసిన ఎన్నికలన్నిటిలోనూ గీత గీయించే ముందే, ఆ నూరు గజాల్లో జనం ఎక్కడ మొక్కుతారో అడిగి, అక్కడొక మనిషిని కాపలా పెట్టేవాణ్ని. ప్రచారం చేసినవాణ్ని పట్టుకునే సెక్షను ఉంది. జరిగిపోయిన ప్రమాణం నుంచి ఓటరును విడిపించే సెక్షను లేదు.